ఈ ఏటి ఎడ్లు

అనగనగా ఒక రాజ్యం. దానికి రాజుగారున్నారు, కోట ఉంది, కోటలో ఏనుగులున్నాయి. వాటితో మనకు పని లేదు. ఆ రాజ్యంలో ఓ మూలన జొన్నవీడు అని ఒక ఊరుంది. మన కథ అక్కడ.

జొన్నవీడులో గురవప్ప అనే నేతగాడు, ఓబులేసు అనే వడ్రంగి ఉండేవాళ్లు. ఒకడికి మగ్గం, ఇంకొకడికి బాడిసె. పనులు వేరుగాని మనుషులు మాత్రం ఒకే కంచం, ఒకే మంచం. చిన్నప్పటినుంచీ అంతే.

ఆ రాజ్యంలో ఉగాది వెళ్లిన పదోనాడు కోట ముందు బండలాగుడు పందెం జరిగేది. జతకట్టిన ఎడ్లు పెద్ద రాతిబండను ఈడ్చుకుపోవాలి. ఎవరి జత ఎక్కువ దూరం ఈడిస్తే వాళ్లకు రాజుగారు స్వయంగా దండ వేసేవారు. ఏ ఏటికా ఏడు కొత్త జతలు వచ్చేవి, కొత్త పేర్లు మోగేవి. పందెం ఒక్కనాడే అయినా కబుర్లు మాత్రం ఏడాది పొడుగునా సాగేవి.

ఆ పందెం చూసి చూసి ఓబులేసు ఒక ఆట తయారుచేశాడు. గళ్లు గీసిన చెక్కపలక, చిన్న రాయి, నాలుగు గవ్వలు, పొణికి కర్రతో చెక్కిన ఆరు జతల ఎడ్లు. ఆటగాడికి మూడు జతలు. గవ్వలు వేసేముందు ఒక జతను రాయికి కట్టాలి. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గళ్లు రాయి కదులుతుంది. ఆ జత బలాన్ని బట్టి మరికొన్ని గళ్లు అదనం. ఒకసారి లాగిన జత తరువాతి వంతుకు విశ్రాంతి తీసుకోవాలి. ఏ జతను ఎప్పుడు కట్టాలన్నదే కిటుకంతా.

మరి జత బలం తెలిసేదెలా? ఎద్దు మూపు మీద ఓబులేసు చిన్న చిన్న గుంటలు తొలిచాడు. మూడు గుంటలుంటే గట్టి జత, ఒక్కటే ఉంటే నాసి జత. చెదలు పట్టకుండా ఒక్కొక్క ఎద్దుకూ అయిదుసార్లు వేపనూనె పట్టించి, గురవప్ప పెళ్లినాడు ఆ పలకను అతని చేతిలో పెట్టాడు. అంతకన్న మంచి కానుక ఆ పెళ్లికి రాలేదు.

ఆనాటినుంచి పొద్దు వాలితే చాలు, ఓబులేసు అరుగు మీద ఆట మొదలయ్యేది. ఆ ఏడు కోట ముందు ఏ జత గెలిస్తే మూడు గుంటల ఎడ్లకు ఆ పేరు పెట్టేవాళ్లు. మరుసటేడు ఇంకో పేరు. ఎడ్లు మాత్రం అవే.

కొన్నేళ్లకు ఓబులేసు కళ్లకు పొరలు కమ్మాయి. మొదట కర్ర మీద గీసిన గీత కనిపించలేదు, తరువాత బాడిసె అంచు కనిపించలేదు, ఆఖరుకు గురవప్ప ముఖం కనిపించలేదు. పని మానేశాడుగాని ఆట మానలేదు. మూపు మీద వేలు పెడితే ఎద్దేదో తెలిసిపోయేది. గురవప్పను ఓడించి, చూపున్నవాడివి నువ్వేనట్రా అని ఏడిపించేవాడు కూడాను.

ఇలా ఉండగా ఆ ఊరికి సుగుణాకరుడనే వర్తకుడు వచ్చాడు. పేరులో ఉన్న సుగుణం అతని బుర్రలోనూ ఉండేది, అదీ వ్యాపారానికి పనికొచ్చేంత వరకే. అరుగు మీది ఆట చూశాడు, ఊరుకుంటాడా? బండలాగుడు అయిన వారానికల్లా సంతలో శంఖం ఊదించి, ఈ ఏటి ఎడ్లు వచ్చాయోచ్ అని చాటించాడు. కోట ముందు లాగిన జతలే, అచ్చం అవే రంగులు, నొసట బొట్టు, మెడలో పూసలు. బలం మాత్రం గుంటలుగా కాదు, రంగు చుక్కలుగా వేయించాడు. చుక్క పెట్టడానికి కుంచె చాలు, గుంట తొలవడానికి చేయి కావాలి మరి!

ఆ ఏడు గెలిచింది మైలగాడూ పుల్లగాడూ. గురవప్ప భార్య నాంచారమ్మ పుట్టింటివారి ఊరి ఎడ్లవి. ఇక మనవాడి కాళ్లు నిలుస్తాయా? ఒక మంచి పంచె ఇచ్చి పలక తెచ్చుకున్నాడు. సంబరంగా అరుగు మీద పెట్టి, మైలగాడిని నేస్తం చేతిలో ఉంచాడు.

ఓబులేసు మూపంతా తడిమాడు. నున్నగా ఉంది. గుంటలేవిరా అని అడిగాడు. చుక్కలున్నాయి, నేను చెబుతాలే అన్నాడు గురవప్ప. రెండు ఆటలు అలాగే సాగాయి. ప్రతి వంతుకూ అడగడం, చెప్పడం. తన ఎత్తు తనకన్నా ముందు ఎదుటివాడికి తెలిసిపోతుంటే ఆటలో ఏం రుచి ఉంటుంది? ఓబులేసు ఎద్దును పలక మీద పెట్టేశాడు.

"మన ఎడ్లు తేరా గురవప్పా. వాటినే మైలగాడూ పుల్లగాడూ అందాం. పేరు మార్చడానికి నోరు చాలదూ?"

ఆ మాట గురవప్పకు నచ్చింది. మరునాటినుంచి పాత పలకే ఆడారు. అయితే కొత్త పలక ఇంట్లో ఉంటే మనసు ఊరుకోదు కదా. ఊరి చావడిలో అందరి దగ్గరా అవే పలకలు. అక్కడ ఓ పూట, ఇక్కడ ఓ పూట అయింది. నాలుగు నెలలు తిరిగేసరికి రంగు పెచ్చులూడింది, రెండు ఎడ్ల కాళ్లు విరిగాయి. ఛీ, ఇంకెప్పుడూ కొననని ఒట్టు పెట్టుకున్నాడు.

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని వైరాగ్యాలు మూడంటారు పెద్దలు. జొన్నవీడులో నాలుగోది కూడా ఉండేది. అది పలక వైరాగ్యం. మళ్లీ శంఖం ఊదేవరకే దాని ఆయుష్షు.

రెండో ఏడు శంఖం ఊదారు. ఈసారి ఎడ్లకు దారంతో ఊగే తోకలు పెట్టారు. అంతే తేడా. గురవప్ప సంతలో నిలబడి, తోక ఊగితే రాయి కదులుతుందా అని పైకే అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నవ్వుతూనే కొన్నారు. చావడిలో ఎవరి ఎడ్లతో వాళ్లే ఆడే పద్ధతి వచ్చిపడింది. ఏటేటా జతల చుక్కలు మారతాయి కనుక ఇద్దరివీ ఒకే ఏటి పలకలైతేనే ఆట. నిరుటి పలక తెచ్చినవాడికి ఎదురు కూర్చునేవాడుండడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎగతాళి చేసేవాళ్లు. గురవప్ప మూడు రోజులు గోడకానుకుని చూశాడు. నాలుగో రోజు మగ్గం మీది బట్ట కోసి తీసుకెళ్లాడు.

నిజం చెప్పాలంటే అతనికి తోక మీద మోజు లేదు. ఒంటరిగా గోడకానుకోవడం భయం. ఊళ్లో సగం మంది కొన్నది ఆ భయంతోనే. ఎవరి భయం వాళ్లు దాచుకుని, ఈ ఏటి ఎడ్లు భలేగా ఉన్నాయిరా అనుకునేవాళ్లు.

అరుగు మీదికి రావడం తగ్గింది. రోజూ వచ్చేవాడు వారానికోసారి వచ్చాడు, ఆపైన నెలకోసారి. ఓబులేసు మాత్రం పొద్దు వాలగానే చాప పరిచి, గవ్వలు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. వీధిలో అడుగుల చప్పుడైతే తల ఎత్తేవాడు.

మూడో ఏడు వర్తకుడు ఇంకో ఎత్తు వేశాడు. పాత పలక తెచ్చి ఇచ్చినవారికే కొత్త పలకట. ఆరు జతలూ కాలు విరగకుండా, కొమ్ము ఊడకుండా ఉండాలట. గురవప్ప ఇంట్లో వెతికాడు. నిరుటివి మూడు జతలు మిగిలాయి, ముందటేటివి రెండు. అటక మీద ఆరు జతలూ చెక్కుచెదరకుండా ఉన్న పలక ఒకటే ఉంది. అది ఏదో మీకు తెలుసు.

నాంచారమ్మ నిచ్చెన పట్టుకుని అడిగింది.

"అది మనది కాదయ్యా, మీ ఇద్దరిదీ. ఆయన అడిగితే ఏం చెబుతావు?"

ఇంకోటి చెక్కించుకుంటాలే అన్నాడు గురవప్ప. ఓబులేసు ఇక చెక్కలేడని ఆ ఊళ్లో అందరికన్నా బాగా తెలిసినవాడు అతనే. అయినా అన్నాడు. మనసు అబద్ధమాడాలనుకుంటే మొదటి చెవి మనదే వెతుక్కుంటుంది. పలకను సంతకు పట్టుకెళ్లి ఇచ్చేశాడు. వర్తకుడు ఎడ్లను చూసి తల ఊపి, గంపలో పడేశాడు.

ఆ వారంలోనే ఓబులేసు కబురు పెట్టాడు. మనసేమీ బాగుండడం లేదు, మన ఎడ్లను తీసుకుని ఒక్క పూట రమ్మన్నాడు. గురవప్ప వెళ్లాడు, వట్టి చేతులతో. ఎడ్లకు చెదలు పట్టాయిరా అన్నాడు.

ఓబులేసు గవ్వల మీద చేయి ఉంచి అడిగాడు.

"చెదలా? అయిదుసార్లు వేపనూనె పట్టించానే."

గవ్వలు మూటగట్టి పక్కన పెట్టి, మగ్గం ఎలా సాగుతోందని అడిగాడు. గురవప్ప ఏదో చెప్పి లేచి వచ్చేశాడు. ఆ దారిన మళ్లీ ఏడాదిదాకా పోలేదు. ముఖం చెల్లలేదు పాపం.

నాలుగో ఏడు. మళ్లీ పందెం, మళ్లీ శంఖం. గురవప్ప పాత పలక ఇచ్చాడు, కొత్త పలక తెచ్చాడు. చావడిలో ఆట మధ్యన ఒక ఎద్దు చేయి జారి గడప మీద పడింది. మూపు మీద లక్క రంగు పెచ్చుగా ఊడివచ్చింది. కింద ఇంకో రంగు, దాని కింద కర్ర, కర్రలో లక్క కూరుకుపోయిన మూడు గుంటలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా వేపనూనె వాసన.

గురవప్పకు అర్థమైంది. తన ఎడ్లకే రంగు మార్చి, తన చేతికే అమ్మారు. పలకలో తక్కిన ఎడ్లన్నిటినీ గీకి చూశాడు. ఇదొక్కటే. మిగతా పదకొండూ ఎవరి పలకల్లో కలిసిపోయాయో, ఎన్ని రంగుల కింద ఉన్నాయో ఆ దేవుడికే ఎరుక. చావడిలో చెబితే, ఉంటే ఉండనీరా, ఈ ఏటి రంగు బాగుంది కదా అన్నారు.

ఇంటికి తెచ్చి, గుంటల్లోని లక్కను సూదిమొనతో తీయబోయాడు. పొణికి కర్ర మెత్తన. లక్కతోపాటు కర్రా లేచివచ్చింది. మూడు గుంటలూ కలిసి ఒక గాయంలా అయింది. జాగ్రత్తగా తీసినకొద్దీ ఇంకా చెడింది. ఆఖరుకు అలాగే గుప్పిట్లో పట్టుకుని నేస్తం ఇంటికి పరుగెత్తాడు. కాళ్లు పట్టుకుని నిజం చెప్పేద్దామనుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు ఎందుకంటారు కదా, చూడండి.

ఓబులేసు అరుగు మీద చాప పరిచే ఉంది. కాని ఖాళీగా లేదు. గురవప్ప కూర్చునే చోట కుమ్మరి లచ్చక్క కూర్చుని ఉంది. వాళ్ల మధ్య మట్టి ఎడ్లు, మూపు మీద పుల్లతో పొడిచిన గుంటలు. ఓబులేసు చెబితే ఆమే చేసి కాల్చిందట. విరిగితే మళ్లీ పిడికెడు మట్టి. ఈ ఏడు గెలిచిన జత పేరేమిటో ఎవరో చెబుతున్నారు, అయితే వీటికి ఆ పేరే అంటున్నాడు ఓబులేసు. ఆడటానికీ చూడటానికీ వీధిలో సగం మంది వచ్చి కూర్చున్నారు. పలక కొనలేని ఆ గుడ్డివాడి ఆటను చూసి చావడి నవ్వింది. నవ్విన నాపచేనే పండింది.

గురవప్ప దగ్గరికి వెళ్లి, నేనేరా అని, అంతమంది ముందు నిజం చెప్పలేక, ఎద్దును నేస్తం చేతిలో పెట్టాడు.

ఓబులేసు వేలితో మూపు తడిమాడు. మళ్లీ తడిమాడు. ఆ వేళ్లకు తన పని తెలియలేదు.

"ఎవరు చెక్కారో గాని మొద్దు చేయి, గుంట తొలవడం చేతకాలేదు." అంటూ ముక్కు దగ్గర పెట్టుకుని ఆగాడు. "నూనె మాత్రం బాగా పట్టించారురా గురవప్పా. దీనికి చెదలు పట్టవు."

తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో. కథ చెప్పేవాళ్లం మాకూ తెలియదు. గురవప్ప కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. చూడగలిగినవాళ్లు చూశారు, చూడవలసినవాడు చూడలేకపోయాడు. ఓబులేసు ఎద్దును మర్యాదగా తిరిగి ఇచ్చి, కూర్చోరా, నీకన్నా ముందు ఆరుగురున్నారు, వంతు వస్తే ఆడుదువుగాని అన్నాడు.

గురవప్ప ఏడో వాడుగా అరుగు చివర కూర్చున్నాడు. ఆ పూట అతని వంతు రాలేదు.

వర్తకుడేమయ్యాడంటారా? బాగానే ఉన్నాడు. మరుసటేడూ శంఖం ఊదించాడు. కొత్తొక వింత, పాతొక రోత అంటూ జనం కొన్నారు. గురవప్ప కొనలేదు. పొద్దు వాలగానే వెళ్లి అరుగు చివర కూర్చునేవాడు. ఎప్పుడైనా వంతు వస్తే ఆడేవాడు. ఓబులేసు నవ్వుతూనే ఆడేవాడు, అందరితో ఆడినట్టే. ఒకప్పుడు ఆ అరుగంతా తనదేనని గుర్తొచ్చి గురవప్ప గవ్వలు వేయడం మరిచిపోయేవాడు.

పిల్లలూ, పదిమందిలో వెనకబడతానేమోనని ఏటేటా పరుగెత్తేవాడు, తన కోసం చాప పరిచి కూర్చున్న ఒక్కడినీ పోగొట్టుకుంటాడు.