తవిటినాయుడి కారుకి వారంటీ

సాలూరు దాటి కొండల వైపు వెళ్ళే దారిలో, వేగావతి ఒడ్డున ముకుందస్వామి వారి ఆశ్రమం ఉంది. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు రేకుల గదులూ, ఒక పాకా, కాస్త కూరగాయల మడీ. స్వామివారి దగ్గర ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకడం అరుదు గానీ పని దొరకడం మాత్రం ఖాయం. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒక లెక్చరరు గారు ఆ పూటంతా వంకాయ మొక్కలకి నీళ్ళు పోసి ఇంటికి వెళ్ళారు. మోక్షం గురించి పట్టుబట్టి అడిగిన ఇంకొకాయన చేత పాక మీద తాటాకు కప్పించారు. ఆయనకి మోక్షం సంగతి ఎంతవరకు బోధపడిందో తెలియదు, పాక మాత్రం ఆ ఏడు కురవలేదు.

అలాంటి స్వామివారిని ఒక ఆదివారం, పాఠం అయిపోయాక, తవిటినాయుడు ఒక ప్రశ్న అడిగాడు. నాయుడు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. మాట తూచి మాట్లాడతాడని పేరు. అందుకే అందరూ ఏదో గట్టి సందేహమే అయివుంటుందని చెవులు రిక్కించారు.

"స్వామీ, నా కారు వారంటీ ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఇంకొన్నేళ్ళు పొడిగించుకోండి, సర్వీసు ప్లాను కూడా కలిపి ఇస్తాం అని షోరూం వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. తీసుకోమంటారా, వద్దంటారా?"

పాకలో ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. స్వామివారు నవ్వలేదు. "పొడిగించుకుంటే ఏమొస్తుంది?" అని శ్రద్ధగా అడిగారు.

నాయుడు ఓపిగ్గా చెప్పాడు. ఇంజిన్ పాడైనా, గేర్‌బాక్స్ పాడైనా, లోపలి కంప్యూటరు పాడైనా వాళ్ళే బాగుచేస్తారు. టైర్లూ బ్రేకులూ బ్యాటరీ అరిగిపోతే మన ఖర్చే. ఎలుకలు వైర్లు కొరికితే వాళ్ళకి సంబంధం లేదు.

"ఎలుకల సంగతి ముందే ఆలోచించారన్నమాట. గట్టివాళ్ళే," అన్నారు స్వామివారు. "ఇంకేముంది అందులో?"

"బయటి మెకానిక్కు చెయ్యి పెట్టకూడదు స్వామీ. పెడితే వారంటీ పోతుంది," అన్నాడు నాయుడు. ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం దిగింది. వెంటనే సర్దుకుని, అల్లుడు తీసుకోమంటున్నాడనీ, కార్లు మార్చి మార్చి అలిసిపోయిన పక్కింటాయన అదంతా దండగంటున్నాడనీ, తీసుకుంటే వాడుకోనేమోనన్న బాధా తీసుకోకపోతే ఏమవుతుందోనన్న భయమూ రెండూ నిద్రపోనివ్వడం లేదనీ చెప్పుకొచ్చాడు.

ఇదంతా నిజమే. కాకపోతే నాయుడు చెప్పకుండా మింగేసినది ఇంకొకటి ఉంది.

సాలూరులో లారీల షెడ్లున్న వీధిలో గుంపస్వామి అని ఒక మెకానిక్కు ఉన్నాడు. నాయుడూ అతనూ చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఒకడు చదువులో పడ్డాడు, ఒకడు లారీల కింద దూరాడు, స్నేహం మాత్రం ఎక్కడా తెగలేదు. నాయుడి పాత కారుని ఏళ్ళ తరబడి నడిపించింది గుంపస్వామే. దానికి వారానికో రోగం వచ్చేది. శనివారం సాయంత్రం దాన్ని షెడ్డుకి తోలుకుపోయి, అక్కడ బల్ల బదులు వేసిన పాత లారీ సీటు మీద నాయుడు చతికిలబడేవాడు. కారు బాగుపడ్డాక కూడా లేచేవాడు కాదు. పెళ్ళాం మీద ఫిర్యాదులూ, ఆఫీసులో గొడవలూ, కూతురి పెళ్ళి బెంగా, అన్నీ ఆ డీజిల్ వాసనలోనే చెప్పుకున్నాడు. గుంపస్వామి సగం వినేవాడు, సగం ఇంజిన్ని వినేవాడు. అయినా రెండూ బాగుపడేవి.

కొత్త కారు కొన్న ఏడు దసరాకి గుంపస్వామి తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నిమ్మకాయలూ బంతిపూల దండా పట్టుకుని వచ్చాడు. ఏటా నాయుడి బండికి పూజ చేసేది అతనే. దండ కట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. తర్వాత ఎప్పటిలాగే ఇంజిన్‌కి బొట్టు పెడదామని వేలికి కుంకం అద్దుకుని, రెండో చెయ్యి బానెట్ మీద వేశాడు.

"ఒరే, చెయ్యెట్టకు. వారంటీ పోద్ది," అన్నాడు నాయుడు, అల్లుడూ ఇరుగుపొరుగూ చూస్తుండగా.

కుంకం బొట్టుకి ఏ వారంటీ పోదని ఇంజనీరు చదువు చదివిన నాయుడికి తెలియదా? తెలుసు. కొత్త మోజులో నోరు జారింది. గుంపస్వామి వేలికున్న కుంకం తన అరచేతికే రాసుకుని, "అవునవును, నాను మర్చిపోనాను," అని నవ్వాడు. ప్రసాదం తీసుకున్నాడు, వెళ్ళాడు. మళ్ళీ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

పోనీ నాయుడైనా వెళ్ళొచ్చు. ఇన్నాళ్ళూ వెళ్ళింది కారు వంకతో. ఇప్పుడు వంక లేకుండా వెళ్ళడానికి మొహం చెల్లలేదు, కొత్త కారేమో వంక ఇవ్వలేదు. అది ఒక్కనాడైనా మొరాయించలేదు. ఆ వీధి మీదుగా వెళ్ళినప్పుడల్లా నాయుడు ఏసీ ఆపి, పాట ఆపి, ఇంజిన్ చప్పుడులో ఎక్కడైనా తేడా ఉందేమోనని ఆశగా వినేవాడు. ఏ తేడా ఉండేది కాదు. తన కారు సరిగ్గా ఆ షెడ్డు ముందే ఆగిపోవాలని కోరుకునే మనిషి ప్రపంచంలో తానొక్కడేనేమో అనుకుని సిగ్గుపడేవాడు కూడా. నిజం చెప్పాలంటే ఆయన గుంపస్వామి కోసం బెంగపెట్టుకున్నాడు. శనివారం పొద్దు వాలుతుంటే కాళ్ళు నిలిచేవి కాదు, ఎవరో పిలుస్తారన్నట్టు వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు. మనవలున్న మగవాడు స్నేహితుడి మీద బెంగ అని ఎవరితో చెప్పుకుంటాడు? అందుకే వారంటీ గురించి అడిగాడు.

"సరే, నన్ను సాలూరు దాకా తీసుకెళ్ళు," అన్నారు స్వామివారు కర్ర అందుకుంటూ. పాకలో వాళ్ళు, నాయుడికి పని దొరికింది అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

దారి పొడుగునా ఆయన వారంటీ ఊసెత్తలేదు. ఏసీ గాలికి మొహం పెట్టి, ఇది బాగుంది నాయనా అని సంతోషించారు. ఊళ్ళోకి రాగానే ఎడమకి తిప్పమన్నారు, తర్వాత కుడికి తిప్పమన్నారు. లారీల మధ్య నుంచి కొంత దూరం పోయాక, "ఇక్కడ ఆపు. టీ తాగాలనుంది," అన్నారు. వీధి పోల్చుకుని అప్పటికే బెదురుతున్న నాయుడు తలెత్తి చూస్తే, సరిగ్గా గుంపస్వామి షెడ్డు. మా బోరింగు మోటారు బాగుచేసేది ఇతనే అని మాత్రం చెప్పి స్వామివారు కారు దిగారు.

"మీరు కానివ్వండి స్వామీ. ఎండగా ఉంది, నేను ఇక్కడే ఉంటాను," అన్నాడు నాయుడు. అద్దాలు ఎక్కించి ఉన్నాయి, ఇంజిన్ నడుస్తూనే ఉంది.

షెడ్డులో ఎప్పుడూ బారులు తీరే బళ్ళలో ఒక్కటీ లేదు. ఆదివారం కదా అనుకున్నాడు. గుంపస్వామి లోపల్నుంచి వచ్చి స్వామివారికి దండం పెట్టి, లారీ సీటు దులిపి కూర్చోబెట్టాడు. ఒకసారి కారు వైపు చూశాడు. నాయుడు గబుక్కున తల దించుకుని, స్టీరింగులో ఏదో వెతకవలసింది ఉన్నట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి తలెత్తితే, అద్దం అవతల గుంపస్వామి నిలబడి ఉన్నాడు. సాసర్లో టీ గ్లాసు పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కారుకి జానెడు కాదు, బారెడు దూరంలో ఆగాడు. అద్దం తట్టలేదు. పిలవలేదు. వెనకటి రోజుల్లో అయితే బానెట్ మీద అరచేత్తో దబదబా బాది, దిగరా కిందకి అనేవాడు. ఇప్పుడు ఎండలో నిలబడి, లోపలి మనిషి చూసేదాకా ఎదురు చూస్తున్నాడు. టీ సాసర్లోకి తొణికిపోతోంది. కోపంతో ఉన్నాడేమో అనుకున్నాడు నాయుడు. మళ్ళీ చూశాడు. కోపం కాదు. గుంపస్వామి చేతులు మణికట్టు దగ్గర్నుంచి వణుకుతున్నాయి. ఒలికే చుక్క కారు మీద ఎక్కడ పడుతుందోనని అతను నడుం పక్కకి తిప్పి, సాసరుని అవతలి వైపుకి పట్టుకుని నిలబడ్డాడు.

నాయుడు తలుపు తీసి దిగాడు.

"టీ తాగండి నాయుడుగారూ," అన్నాడు గుంపస్వామి.

పుట్టి బుద్ధెరిగాక అతని నోట నాయుడు 'ఒరే తవిటా' తప్ప ఇంకో పిలుపు వినలేదు. ఉద్యోగం వచ్చినప్పుడూ అదే, కూతురి పెళ్ళిలో వియ్యంకుల ఎదుటా అదే. ఆ 'గారు' నాయుడికి గుండెలో కలుక్కుమంది. గ్లాసు అందుకుని, ఆ చేతుల్ని విడవకుండా పట్టుకున్నాడు. పట్టుకున్నా వణుకు ఆగలేదు.

"ఎప్పుట్నించిరా ఇది?"

"ఏడాది దాటిపోనాది. నట్టు పట్టుకుంటే నిలవదు, స్పానరు పట్టుకుంటే నిలవదు. షెడ్డు అప్పజెప్పీసి, పెద్దోడి కాడికి రాయగడ ఎలిపోతన్నాను."

"నాతో ఒక్క మాట చెప్పనేదేంరా?"

గుంపస్వామి కారు వైపు చూశాడు. "నువ్వొస్తే చెప్దునని సూసినాను. ఈ ఈదంట నువ్వెల్తన్నప్పుడల్లా నీ బండి చప్పుడు ఇంటన్నాను. ఏనాడూ తేడా రానేదు," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎదురు చూసి చూసి అలిసిన మనిషి మాట అది.

నాయుడు లారీ సీటు దాకా వెళ్ళి, స్వామివారి పక్కన కూలబడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియక, నోటికి వచ్చిందే అన్నాడు. "వారంటీ పొడిగించుకోమంటన్నారు. తీసుకోనా?"

"తీసుకో," అన్నాడు గుంపస్వామి, రెండో పక్కన కూర్చుంటూ. "ఈ కొత్త బళ్ళు మాలాటోళ్ళ చేతులకి లొంగవు. నా చెయ్యి నాకే లొంగట్నేదు." నవ్వాడు. నాయుడు నవ్వలేకపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, రాయగడ ఎన్ని గంటల దారి, పెద్దోడి ఇల్లు ఏ వీధి అని అడగడం మొదలుపెట్టాడు. గుంపస్వామి చెబుతుంటే మధ్యలో, "టీ తాగరా తవిటా, సల్లారిపోద్ది," అన్నాడు. కారు ఇంజిన్ వీధిలో ఇంకా నడుస్తూనే ఉంది. ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

స్వామివారు తన టీ పూర్తి చేసి, గ్లాసు కడిగి బోర్లించి, వీధిలో పోతున్న ఆటోని ఆపారు. నాయుడు కంగారుగా లేచాడు. "నేను దింపుతాను స్వామీ. పైగా నేను అడిగినదానికి మీరేమీ చెప్పనేలేదు."

"నువ్వుండు," అన్నారు స్వామివారు ఆటో ఎక్కుతూ. "కారుకైతే గడువు పెంచుతామనేవాళ్ళు ఉన్నారు నాయనా."