లేయమ్మ తట్టించిన బాన

గోదారి ఇప్పుడున్న చోట కాకుండా ఇంకాస్త పడమటగా పారే రోజుల్లో, ఒక లంకలో ఒక దిబ్బ, దిబ్బ మీద ఒక చర్చి ఉండేవి. చర్చిలో మనిషెత్తు మట్టిబాన ఉండేది. వెనకటి అమ్మమ్మలు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరు చెప్పి గుప్పెడు బియ్యం పక్కకు తీసి, తెచ్చి ఆ బానలో పోసేవారట. ఆకలన్నవాళ్లు వస్తే బాన అడుగున ఉన్న కంతలోంచి తీసి పెట్టేవారట.

తరవాత రోజులు మారాయి. అందరికీ ఇంత తిండి దొరికింది. బాన మిగిలింది, బియ్యం పోయడం పోయింది. కంతకి సున్నం మెత్తి, దాని మీద తాతల పేర్లు రంగులతో రాయించారు.

సంఘపెద్ద గమాలియేలుకి ఆ బానంటే ప్రాణం. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. కోతల పండక్కి దానికి బంతిపూల దండ వేసి, ఎదురుగా నిలబడి అమ్మమ్మల నాటి బాన పాట ఎత్తుకునేవాడు. మరి దేవుడు నిజంగా ఉన్నాడా పెద్దాయనా అంటే మాత్రం నవ్వేసేవాడు. అదంతా నాకెందుకయ్యా, పాట మనది, బాన మనది, అది చాలదా అనేవాడు. చెడ్డవాడేం కాదు సుమండీ! ఆయనే లేకపోతే ఆ పాట ఎప్పుడో మరుగున పడేది.

ఆ చర్చి ఊడ్చే మనిషి లేయమ్మ. ముందూ వెనకా ఎవరూ లేరు. నాట్లకెళ్లి తెచ్చుకున్న గింజలే తిండి. అందులోంచే పూటపూటా గుప్పెడు తీసి, నిచ్చెనెక్కి బానలో పోసేది. పురుగు పట్టకుండా వేపాకు వేసేది. అవి ఎలకలకేగా పిచ్చిదానా, నువ్వు తినరాదా అని గమాలియేలు వేళాకోళం చేసేవాడు. ఆవిడ నిచ్చెన దిగి చీపురు అందుకునేది. పన్నెండేళ్లు అలాగే పోసింది.

ఒక ఏడు జ్వరాలొచ్చి, కూలికెళ్లలేని ఇళ్లు పస్తులున్నాయి. లేయమ్మ వచ్చి కంత తెరవమంది. "అది తాతల బాన లేయమ్మా, దాని జోలికి పోకు" అన్నాడు గమాలియేలు. తన ఇంట్లోంచి కుంచెడు బియ్యం ఇచ్చి పంపాడు. ఇంకో ఏడు వానల్లేవు. మళ్లీ వచ్చింది. "అది తాతల బాన లేయమ్మా, దాని జోలికి పోకు" అన్నాడు. ఈసారి తవ్వెడే ఇచ్చాడు.

మూడో ఏడు గోదారే వచ్చింది. లంకంతా మునిగింది. జనం దిబ్బెక్కి చర్చిలో తలదాచుకున్నారు. గమాలియేలు గాదె కూడా కొట్టుకుపోయింది. ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మూడో రోజుకి ఆయన మనవరాలు సుకీర్తి ఏడవడం కూడా మానేసి ఆయన ఒళ్లో వాలిపోయింది. ఇక పిల్ల దక్కదనుకున్నాడు.

లేయమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన నోటికి అలవాటైన మాటే వచ్చింది, "అది తాతల బాన..." అని. ఆవిడ పూర్తి కానివ్వలేదు. చెయ్యి పట్టుకుని బాన దగ్గరికి తీసుకెళ్లింది.

"తట్టి చూడండయ్యా."

నలభై ఏళ్లు తుడిచాడే గానీ, ఏనాడూ తట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు తట్టాడు. ఖాళీ కుండలా మోగలేదు. అడుగు నుంచి నడుం దాకా బరువుగా పలికింది.

ఆయనే గునపం తెప్పించాడు. తాతల పేర్లు పెచ్చులూడి పడుతుంటే ఏడ్చాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. బియ్యం జలజలా రాలాయి. కట్టెలు లేకపోతే పెద్దలు కూచునే బల్ల విరగ్గొట్టి పొయ్యిలో పెట్టారు. వేపాకు చేదు తగులుతున్నా పిల్లలు గిన్నెలు నాకేశారు. సుకీర్తి కళ్లు తెరిచి ఇంకో ముద్ద అడిగింది. వరద తీసేదాకా ఆ బియ్యమే అందరినీ బతికించాయి.

అప్పుడడిగాడు గమాలియేలు. "ఎవరూ తీయని బానలో ఇన్నేళ్లు ఎందుకు పోశావు లేయమ్మా?"

"ఈ గుప్పెడు ఆకలైనవాడి నోటికి చేరుతుందని ప్రతి పండక్కీ మీరే గదయ్యా పాడతారు" అంది లేయమ్మ. "నేను నిజమనుకున్నాను."



మరుసటేడు లేయమ్మ పోయింది. కంతకి మళ్లీ సున్నం మెత్తలేదు, చెక్క బిరడా పెట్టారు. తాతల పేర్లు గోడ మీద రాయించారు. రోజూ అందరికంటే ముందు గమాలియేలే వచ్చి గుప్పెడు పోసేవాడు. ఇప్పుడు నమ్ముతున్నావా పెద్దాయనా అంటే, నాకింకా తెలీదురా, ఆవిడకి తెలుసు అనేవాడు. చివరిదాకా అదే మాట.

ఆ లంకలో ఇప్పటికీ ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ ఆ బానని తట్టి గానీ గడప దాటరు. బోలుగా మోగితే ఇంటికెళ్లి బియ్యం తెస్తారు. ఎవడైనా మా తాతలు ఇంత, మా పాట అంత అని గొప్పలు పోతుంటే, పక్కనున్న ఏ ముసలమ్మో "తట్టి చూశావా?" అంటుంది. వాడు బాన దగ్గరికి నడుస్తాడు.