దివాను గారి బంగారు చేపలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్లూ ఊడిపోవాలి! దివాను తోటలో రోజూ ఏనుగంత ఆకుల గుట్ట రాలేది. దాన్ని వాగులోకి ఊడ్పించేవాడు. ఆ ఆకులు మా ఊరి చెరువులోకి కొట్టుకొచ్చి కుళ్లి, నీళ్లు కషాయమై, చేపలు ఊపిరాడక చచ్చి తేలాయి.

"ఆకులు చేపలకు బలం! పాపమంతా జాలర్లదే, వాళ్లు ఊరొదలాలి," అన్నాడు దివాను రాజు ముందు.

జాలరి పోలమ్మ మాత్రం కదల్లేదు. 'ఈ చెరువు వదిలి ఏ గట్టున వల ఆరేస్తాం?' అనుకుంది. మర్నాడు గంపెడు ఆకులతో సభకొచ్చి, దివాను తన పక్కనే పెట్టుకుని ముద్దుగా పెంచుకునే బంగారు చేపల గంగాళం మీదికి గంప ఎత్తింది.

"మీ చేపలకూ కాస్త బలం, బాబూ!"

"ఆగవే! నీళ్లు కుళ్లి నా చేపలు చస్తాయి!" ఆ కేకకు కోటగోడ బీటలిచ్చింది.

"విన్నారా, మారాజా?" అంది పోలమ్మ.

జాలర్లు ఊళ్లోనే ఉండిపోయారు. రాజు ఆజ్ఞతో దివానే పీకల్లోతు వాగులో దిగి ఆకులెత్తాడు.

నమ్మవూ? అయితే ఆ గంప తీసుకుని, మన కాలువలో ఆకులు ఎత్తిరా, పో!