ఆవలి ఒడ్డున సుమారు అరవైమంది

శాంతి కావాలంటున్నారు కదా, ఎవరితో కావాలి?

తొందరపడి జవాబు చెప్పకండి. ఉత్పల అనే భిక్షుణి అలాగే తొందరపడింది.

ఆ దేశాన్ని నడిమికి చీల్చుకుంటూ కాంచని అనే నది పారేది. ఈవలి ఒడ్డున మైదానం, ఆవలి ఒడ్డున కొండలు. రెండు ఒడ్లవాళ్ళదీ ఒకే భాష, ఒకే బుద్ధుడు. అయినా ఏడేళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటున్నారు. ముందు మొదలుపెట్టింది అవతలివాళ్ళేనని ఆధారాలతో సహా నిరూపించగల పెద్దమనుషులు రెండు ఒడ్లలోనూ ఉన్నారు.

ఉత్పల ఈవలి ఒడ్డున భిక్షుణులుండే ఆరామంలో ఉండేది. మాటకారి. ఆమె మాట్లాడుతుంటే నిద్రకి జోగేవాళ్ళు కూడా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వానాకాలం ముగిసే పున్నమికి రెండు పక్షాలూ మూడురోజులు కాల్పులు ఆపుతామని ఒప్పుకున్నాయి. రాజధానిలో శాంతి సభ పెట్టాయి. ఆ సభలో చదవడానికి 'మనమంతా ఒక్కటి' అని ఉత్పల ఒక విన్నపం రాసింది. సభవాళ్ళు ఆమెను రమ్మని కబురు కూడా పెట్టారు. పున్నమినాటి మధ్యాహ్నం బండి వస్తుంది.

ఆమె మనసులో ఒక్కటే ముల్లు. గురువు ఆ విన్నపం గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు.

గురువు పేరు దీపవతి. ముసలావిడ. ఆరామంలో అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. ఉత్పల విన్నపం చేతికిస్తే రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి, తిరిగిచ్చేసి, "ఈ వారం భిక్షలో అంతా గుమ్మడికాయే వస్తోందే" అంది.

పున్నమి పొద్దున ఉత్పల ఇంక ఆగలేకపోయింది.

"పెద్దమ్మా, అందులో తప్పేమన్నా ఉందా?"

"లేదు."

"మరి బాగుందా?"

"ముందు పేర్లు చదవనీ పిల్లా. జనం వచ్చేశారు."

పేర్లు చదవడమంటే ఆ దేశంలో పాత ఆచారం. ఆ యేడు పోయినవాళ్ళ పేర్లు వానాకాలం చివరి పున్నమికి ఆరామంలో చదువుతారు. ఫలానా తల్లి కడుపున పుట్టిన ఫలానా అని చెప్పి, ఒక్కో పేరుకీ ఒక్కో ధార చొప్పున చెంబుతో నీళ్ళు పళ్ళెంలోకి వదులుతారు. ఆ చప్పుడు వింటే తప్ప పోయినవాళ్ళకి దారి దొరకదని జనం నమ్మకం. తమవాళ్ళ పేరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. వచ్చాక కొందరు ఏడుస్తారు, కొందరు లేచి చెప్పులేసుకుని ఇంటికి పోతారు.

ఆ యేటి జాబితా తయారుచేసింది ఉత్పలే. ఎండాకాలమంతా ఊరూరా తిరిగి నూట పన్నెండు పేర్లు రాసింది. ఏ తల్లి పేరులోనూ ఒక్క అక్షరం తప్పు పోకుండా ఒకటికి రెండుసార్లు అడిగి రాసింది. అన్నీ రాశాక చివర్న ఇంకో వరుస చేర్చింది: 'ఆవలి ఒడ్డున సుమారు అరవైమంది.' వాళ్ళకి కూడా ధార ఎందుకని ఆరామంలోనే ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఉత్పల వాళ్ళతో సాయంత్రందాకా వాదించి నెగ్గింది. ఆ వరుస తలచుకుంటే ఆమెకి ఎంతో తృప్తిగా ఉండేది.

జాబితాలో నలభయ్యో పేరు ఆమె తమ్ముడిది. తిస్సుడు. ఇరవై ఏళ్ళు. ఆ పేరు వినడానికి వాళ్ళమ్మ సుమన రెండురోజులు నడిచి వచ్చింది. వెనక గోడకి ఆనుకుని కూర్చుంది.

పెద్దమ్మ చదవడం మొదలుపెట్టింది. పేరు, ధార. పేరు, ధార. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

"ఈవలి ఒడ్డున ఇంకొకడు," అంది పెద్దమ్మ. ధార వదిలింది. తర్వాతి పేరుకి వెళ్ళిపోయింది.

చూపు ఆనక వదిలేసిందేమోనని ఉత్పల పక్కకి వెళ్ళి మెల్లగా చెప్పింది. "పెద్దమ్మా, ఒక పేరు తప్పిపోయింది."

"తప్పలేదే. ఒకడని చెప్పాను కదా."

"ఒకడేమిటి? తిస్సుడు. మా తమ్ముడు."

"నీళ్ళు పోశాను. లెక్క సరిపోయింది."

ఉత్పల ఒళ్ళంతా మండింది. నలుగురిలో ఉన్నానన్న మాట మరిచిపోయి జవాబు చెప్పబోయింది. ఇంతలో వెనక గోడ దగ్గర్నుంచి సుమన లేచి నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు.

"అమ్మా, మావాడి పేరు రాలేదు. ఉందో లేదో ఓసారి చూడండి. అంత దూరం నుంచి వచ్చాను."

పెద్దమ్మ చెంబు ఉత్పల చేతికిచ్చింది.

"సుమన కడుపున పుట్టిన తిస్సుడు," అంది ఉత్పల. నీళ్ళు పళ్ళెం బయట కూడా పడ్డాయి. సుమన కూర్చుంది.

పెద్దమ్మ మిగతా పేర్లన్నీ వరసగా, ఒక్కటీ పోకుండా చదివింది. ధారలు ఉత్పల పోసింది. నూరు దాటాయి. నూట పది. చివర్న ఏముందో ఉత్పలకి తెలుసు.

నూట పన్నెండో పేరు అయ్యాక పెద్దమ్మ కాయితం ఆమె ముందుకి జరిపింది.

"ఇది నువ్వు చేర్చిన వరుస. నువ్వే చదువు."

ఉత్పల కాయితం వైపు చూసింది. ఆ వరుస చదవకుండానే చెంబు కింద పెట్టేసింది.

బయట బండి వచ్చిన చప్పుడైంది. బండివాడు గుమ్మంలోకి తొంగిచూసి, పొద్దుగూకేలోపు సగం దారన్నా పోవాలని తొందరపెట్టాడు. ఉత్పల విన్నపం అతని చేతిలో పెట్టి, సభలో ఎవరితోనైనా చదివించమంది. జాబితా నడుముకి దోపుకుని రేవుకి నడిచింది.

రేవులో ఒకే పడవ ఉంది. పడవ నడిపే మల్లియుడు ఆమెని ఎగాదిగా చూశాడు.

"అవతలికా? ఏడేళ్ళయింది తల్లీ అటు ఎవరినీ దించి. నిన్ను దించితే తిరిగి ఎక్కించుకోవడానికి నువ్వుంటావా అని."

"ఎల్లుండిదాకా కాల్పులు లేవు కదా."

"ఆ సంగతి తుపాకులకి చెప్పారో లేదో మరి," అంటూనే తెడ్డు అందుకున్నాడు.

ఆవలి ఒడ్డు ఊళ్ళో సగం ఇళ్ళకి కప్పుల్లేవు. అవతలి ఆరామం నుంచి వచ్చిన మనిషని తెలిసి ఒక్కో తలుపే మూసుకుంది. ఒక ఇంటికి మూసుకోవడానికి తలుపు మిగల్లేదు. ఆ ఇంటి ముందు, ఉత్పల వాళ్ళమ్మ వయసావిడ, మొక్కజొన్న కండెలు ఒలుస్తోంది.

"ఏం కావాలి?"

"ఈ యేడు మీ ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లు కావాలి."

"ఎందుకు, మళ్ళీ చంపుతారా?"

"ధార పోయడానికి."

"ఏడేళ్ళుగా మా నెత్తిన పోస్తూనే ఉన్నారుగా. అది చాల్లే."

ఉత్పల కింద కూర్చుని ఒక కండె తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఆవిడ వద్దనలేదు. నాలుగు కండెలయ్యాయి. అయిదోది అవుతుండగా ఆవిడే అడిగింది.

"మీ ఇంట్లో ఎవరూ పోలేదా?"

"తమ్ముడు. తిస్సుడు."

"తల్లుందా?"

"ఉంది. ఆ ఒడ్డున కూర్చుని ఉంది. సుమన."

ఆవిడ ఒళ్ళో గింజలు దులుపుకుంది. "మా ఆరామంలోనూ పొద్దున పేర్లు చదివారు. మావాళ్ళు అయిపోయాక చివర్న, అవతలివాళ్ళు సుమారు వందమంది అని ఒక చెంబుడు నీళ్ళు గుమ్మరించారు. అందులో మీవాడు ఉండే ఉంటాడు."

ఉత్పల నడుముకి దోపుకున్న జాబితా తీసింది.

"నావాడు ఉగ్గసేనుడు," అంది ఆవిడ. "పందొమ్మిదేళ్ళు. తల్లి పేరు కూడా రాస్తారా మీ దాంట్లో?"

"తల్లి పేరుతోనే చదువుతాం."

"మేమూ అంతే. అయితే రాసుకో. మాలిని."

మాలిని లేచి పక్కింటి తలుపు కొట్టింది. లోపలినుంచి ఎవరో తిట్టారు. మాలిని అంతకంటే గట్టిగా తిట్టింది. తలుపు తెరుచుకుంది. అలా ఆ సాయంత్రం ఆరిళ్ళు, మర్నాడు పొద్దున నాలుగిళ్ళు తిరిగారు. పదకొండో ఇంటి ముందు ఉండగా కొండ మీంచి మొదటి గుండు పేలింది. గడువుకి ఇంకా ఒక రోజు పైనే ఉంది. మాలిని ఆమెని రేవుదాకా తోసుకుంటూ తీసుకొచ్చి, కాచుకుని ఉన్న మల్లియుడి పడవ ఎక్కించి, "సుమన కొడుకు తిస్సుడు. మావాళ్ళకి చెప్తాను," అంది.

నది మధ్యలో ఉండగా ఆ ఊరివైపు పొగ లేచింది.

రాజధానిలో సభ మొదటిరోజే విరిగిపోయిందని సాయంత్రానికి కబురొచ్చింది. ముందువరసలో ఎవరు కూర్చోవాలన్నదాని దగ్గరే గొడవైందట. విన్నపం ఎవరూ చదవలేదు. ఆ మాట చెప్పినప్పుడు ఉత్పల ఊరికే తలూపింది.

ఆరామంలో జనం వెళ్ళిపోయారు. సుమన ఒక్కతే మిగిలింది. ఉత్పల పదిమంది పేర్లు చదివింది, పెద్దమ్మ ధార పోసింది. ఇంకొకటి ఉందనగా సుమన వచ్చి చెంబు అందుకుంది.

"మాలిని కడుపున పుట్టిన ఉగ్గసేనుడు," అంది ఉత్పల.

సుమన నీళ్ళు వదిలింది. సొంత కొడుక్కి వదులుతున్నట్టే వదిలింది. తర్వాత చెంబు అక్కడే పెట్టి, ఊరికి వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా నడిచి వెళ్ళిపోయింది.

అవతల గుండ్లు పేలుతూనే ఉన్నాయి. ఉత్పల జాబితా మడవలేదు. అలాగే చేతిలో పట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, పదకొండుమందే దొరికారు."

"మిగతావాళ్ళు?"

"మల్లియుడు ఇంక పడవ తియ్యనన్నాడు. కాల్పులు ఆగేదాకా ఎవరూ తియ్యరట."

పెద్దమ్మ నదివైపు చూసింది. నిన్నటికంటే నీళ్ళు పెరిగాయి. రంగు కూడా మారింది.

"నీకు ఈత వచ్చా?" అంది.

ఇక్కడ కూర్చుని ఇంతసేపు విన్నవాళ్ళకి నాదొకటే మనవి. మీకూ ఒక అవతలి ఒడ్డు ఉంది. అది ఏ వీధో, ఏ కులమో, ఏ మతమో, ఏ జెండానో మీకు నేను చెప్పక్కర్లేదు. చప్పట్లు తర్వాత కొట్టొచ్చు. లేవండి. ఈ రోజే అటు వెళ్ళండి. అక్కడ బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి పక్కన కూర్చోండి. ఆ బిడ్డ పేరేమిటో అడగండి. ఆవిడ చెప్పేదాకా లేవకండి.