రత్నం కుట్టిన ఎర్రగుడ్డలు

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట కొండలు లేవు, కాబట్టి ఈ కథ మీ చెవిన పడి ఉండదు. కాస్త కుదురుగా కూర్చుని వినండి.

చోడవరంలో నాగరత్నం అనే దర్జీ ఉండేది, ఆవిడ కుట్టుకి వంక పెట్టలేం గాని, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే ఓపిక మాత్రం ఆవిడకి లేదు. బళ్లో వంట చేసే సన్యాసమ్మ ఆవిడకి ప్రాణస్నేహితురాలు. ఇద్దరికీ నలభై దాటాయి.

ఒక ఏడాది దగ్గర్లోని కొండల మీద నలభై రెండు కిలోమీటర్ల పరుగు పెట్టారు. దారి తెలియడానికి చెట్లకు కట్టే ఎర్రగుడ్డలు కుట్టే పని రత్నానికి వచ్చింది. ఒక్కో గుడ్డకీ అంచు మడిచి రెండు వరసలు కుట్టింది. కుడుతూ కుడుతూ, ఆ దారిలో తనే ఎందుకు పరిగెత్తకూడదు అనుకుంది. సన్యాసమ్మని కూడా లాగింది. నాలుగు నెలలు ఇద్దరూ పొద్దున్నే ఊరి పక్క గుట్ట ఎక్కి దిగారు.

ఎదురు కొట్టు సూరిబాబు నవ్వాడు. "అలిసిపోయినవాళ్లని ఎక్కించుకోడానికి జీపు పెడతారట. ముందు సీటు మీకు ఆపమని చెప్పనా, అక్కా?"

"అక్కర్లేదు. మేం మా కాళ్లతోనే ఆఖరి గీత దాటతాం," అంది రత్నం. ఆ మాట ఊరంతా పాకింది. ఇక వెనక్కి తీసుకోడానికి లేదు.

పరుగు తెల్లవారుజామున మొదలైంది. మధ్యాహ్నం రెండింటిలోగా తిరిగి ఊళ్లో వేసిన పందిరి ముందు సున్నం గీత చేరాలి. మంచినీళ్లు, తోడు లేకుండా కొండ ఎక్కకూడదు. వాళ్లకి రెండూ ఉన్నాయి. ఎక్కుడులో నడిచారు, దిగుడులో పరిగెత్తారు. మూడింట రెండు వంతులు అయ్యాక దారి రెండుగా చీలింది. ఎడమవైపు కొమ్మకి ఎర్రగుడ్డ ఊగుతోంది. రత్నం అటు తిరిగింది.

"ఆగవే, ఆ గుడ్డ చూస్తే..." అంది సన్యాసమ్మ.

"నేను కుట్టిన గుడ్డలు నాకే చూపిస్తావేటే," అని రత్నం దూసుకుపోయింది.

ముప్పావుగంట పోయాక ఆ దారి ఒక రాతి దేవత ముందు ఆగిపోయింది. చుట్టూ చెట్ల నిండా ఎర్రగుడ్డలే. కొండవాళ్లు మొక్కుకుని కట్టినవి. రత్నం ఒకదాని అంచు వేళ్లతో తడిమింది. మడత లేదు, కుట్టు లేదు. చేత్తో చింపిన గుడ్డ. రోజూ గుడ్డ పట్టుకుని బతికే మనిషి గుడ్డ వంక చూడకుండా పరిగెత్తింది.

"నువ్వు చెప్పబోయింది ఇదేనా?"

"ఇదే. వెలిసిపోయిన గుడ్డలా ఉందని చెబుదామనుకున్నాను. నువ్వు వింటేగా."

అక్కడ కొండచీపుర్లు కోస్తున్న ముసలామె జాలిపడింది. "ఈ డొంకన దిగిపోండమ్మా. గంటలో మీ పందిరి దగ్గర తేలతారు. ఎవరూ చూడరు."

వెనక్కి వెళ్తే రెండింటికి చేరడం కల్ల. సూరిబాబు నవ్వు రత్నం కళ్ల ముందు మెదిలింది. డొంకలోకి రెండడుగులు వేసింది కూడా. అంతలో ఆగింది.

"ఏమే, చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టేశామనుకో. ఏం చేస్తాం?"

"నాకేం తెలుసు? నేను వంటమనిషిని."

"తప్పిన చోటిదాకా విప్పుతాం. మళ్లీ కుడతాం. పైన గుండీలు పెట్టేస్తే చెయ్యి తిన్నగా అయిపోదు."

"అయితే విప్పుదాం, పద," అంది సన్యాసమ్మ.

చీలిక దాకా తిరిగి ఎక్కారు. కుడివైపు పొదలో జారిపడిన గుడ్డ దొరికింది. రెండు వరసల కుట్టు రత్నం వేలికి తగిలింది. దాన్ని కొమ్మకి గట్టిగా కట్టి కదిలింది. ఆ తరువాత దారి చీలిన ప్రతిచోటా సన్యాసమ్మ మాట పూర్తయ్యేదాకా నిలబడింది.

ఘాట్ రోడ్డు మీదికి వచ్చేసరికి మూడు దాటింది. జీపు కాచుకుని ఉంది. "వేళ మించిపోయిందమ్మా. పతకం ఇవ్వరు. పందిరి కూడా విప్పేస్తున్నారు. ఎక్కండి," అన్నాడు డ్రైవరు.

రత్నం అంతా విన్నది. "అయిందా బాబూ? ఇక నువ్వు వెళ్లు."

"ఆఖరివాళ్ల వెనకే రావాలమ్మా నేను."

"అయితే వెనకే రా."

పొద్దు వాలుతుండగా ఊరు చేరారు. సున్నం గీత సగం చెరిగిపోయి ఉంది. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని మిగిలిన సగం మీదుగా దాటారు.

"ఇంత చేసీ పతకం లేదు గదా, అక్కా," అన్నాడు సూరిబాబు.

"పతకం తెస్తానన్నానా? గీత దాటతామన్నాను," అంది రత్నం. వెనకే వచ్చి ఆగిన జీపు వంక చూపించింది. "ముందు సీటు ఖాళీగానే ఉంది. ఎక్కుతావా?"

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే దాచుకోకండి. మీ స్నేహితులకి చెప్పండి, రేపు మీ పిల్లలకీ చెప్పండి. ఇంకేం మరిచిపోయినా ఈ మాట వదలకండి: దారి తప్పడం సిగ్గు కాదు, తప్పిన చోటికి తిరిగి వెళ్లకపోవడమే సిగ్గు.