జింక చెయ్యెత్తిన సభ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులందరి దగ్గరా ఫోన్లుండేవి. నవ్వకండి, ఉండేవి! ఒకరోజు పెద్దవాన కురిసి, వాగు పొంగి అడవిని రెండు ముక్కలు చేసింది. ఇవతలివాళ్లు అవతలికి పోలేరు. మర్నాడే తల్లుల సభ. ఏటా వాళ్ల కష్టసుఖాల కోసం పెట్టేది. సరే, ఈసారి ఫోన్లలోనే జరుపుదామనుకున్నారు.

ఏర్పాట్లన్నీ కొండముచ్చు మంగతాయివి. అధ్యక్షుడు మాత్రం మగ నెమలి. తల్లుల సభకు అతనెందుకని అడగకండి. ఏటా అంతే.

"నెమలి బావా, వీడియో మీటింగ్ పెట్టనా, వెబినార్ పెట్టనా?" అని అడిగింది మంగతాయి. "మీటింగ్‌లో అందరూ మాట్లాడొచ్చు. వెబినార్‌లో మనం పిలిచినవాళ్లే మాట్లాడతారు. మిగతావాళ్లు వింటారు."

"వెబినారే!" అన్నాడు నెమలి. "ఆడవాళ్లందరికీ మైకిస్తే ఇంకేమైనా ఉందా? ఒకావిడ పిల్ల ఏడుస్తుంది. ఇంకొకావిడ మొగుడి సంగతులు మొదలెడుతుంది. సభ సభలా ఉండాలి."

"తల్లుల సభలో తల్లులు నోరు మూసుకోవాలన్నమాట," అంది మంగతాయి. అంది గానీ, ఎందుకొచ్చిన గొడవలే అని వెబినారే పెట్టింది.

సభ మొదలైంది. వక్తలు ముగ్గురు. నెమలి, అడవిదున్న, తోడేలు. ముగ్గురూ మగవాళ్లే. ఒకరినొకరు పొగుడుకోవడంతోనే పొద్దెక్కింది.

వాగు ఇవతల జింక నీలవేణికి ఈ పొగడ్తలేవీ చెవికెక్కడం లేదు. వాగు పొంగినప్పటి నుంచీ ఆమె పిల్ల కనబడలేదు. అవతల చిక్కుకుందో, నీళ్లలో కొట్టుకుపోయిందో! అవతలివాళ్ల నంబర్లు ఆమె దగ్గర లేవు. వాళ్లందరూ దొరికేది ఈ సభలోనే. నీలవేణి ఫోన్‌లో చెయ్యెత్తే గుర్తు నొక్కింది.

"ప్రశ్నలు చివర్లో తల్లీ," అన్నాడు నెమలి.

మళ్లీ నొక్కింది. "స్త్రీకి ఓర్పే ఆభరణం," అన్నాడు అడవిదున్న.

మళ్లీ నొక్కింది. "ఆ చెయ్యి దించమ్మా, నా ముఖానికి అడ్డొస్తోంది," అన్నాడు తోడేలు.

మంగతాయి ఉండబట్టలేక నీలవేణికి ఫోన్ చేసింది. "ఏమిటే, ఊరికే చెయ్యెత్తుతున్నావు?"

"అక్కా, నా బిడ్డ కనబడట్లేదు. ఎవరైనా చూశారేమో ఒక్కసారి అడగనీయవే!"

మంగతాయికి అప్పుడు తెలిసొచ్చింది. అడిగితే వినడానికి అడవంతా ఉంది. జవాబు చెప్పడానికి ఎవరికీ నోరు లేదు. ఆ నోళ్లు మూసింది తానే. వెంటనే వెబినార్ ఆపేసింది. అందరికీ మీటింగ్ లింకు పంపింది.

"నా ఉపన్యాసం మధ్యలోనా!" అని అరిచాడు నెమలి.

"మీ ఉపన్యాసం ఎక్కడికీ పోదు బావా. అక్కడ పిల్ల తప్పిపోయింది!"

మైకులన్నీ తెరుచుకున్నాయి. పిల్లల ఏడుపులు, వాన చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆ గోలలోనే నీలవేణి గొంతెత్తింది. "నా పిల్లనెవరైనా చూశారా? ఎడమ చెవి కొసన తెల్లమచ్చ ఉంటుంది!"

"అయ్యో, ఇది నీ పిల్లా!" అంది అవతలి ఒడ్డు నుంచి ఏదుపంది. "నిన్నటి నుంచీ నా దగ్గరే ఉంది. ఎవరిదో అడుగుదామంటే ఆ చెయ్యెత్తే గుర్తు నాకు దొరికి చావలేదమ్మా!"

ఏదుపంది ఫోన్ తిప్పింది. పిల్ల నిక్షేపంగా గడ్డి నములుతోంది.

"అమ్మా, ఈ పిన్ని మంచిదే గానీ, పక్కన పడుకుంటే గుచ్చుకుంటోంది," అంది.

నీలవేణి ఏడుస్తూనే నవ్వింది. రెండు ఒడ్లూ హమ్మయ్య అనుకున్నాయి.

నీతి: ఎవరి కష్టం గురించి సభ పెడతామో, మైకు ముందు వాళ్లకివ్వాలి.