ఆగమనే తీగ

ఆ రాజ్యంలో రాజుగారికి కంప్యూటర్ ఎలా వచ్చిందని అడక్కండి, వచ్చింది. దాన్నుంచి అక్షరాలు ఒకదాని వెనక ఒకటి కేబుల్లో నడిచి కోట గుమ్మంలోని ప్రింటర్‌కి చేరేవి. కేబుళ్ళు రెండు రకాలు. ఒకదాంట్లో ప్రింటర్ "ఆగు" అని చెప్పుకోవడానికి వేరే తీగ ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు.

"ప్రభువుల యంత్రానికి ప్రింటర్ ఎదురు చెప్పడమా!" అని మంత్రి భద్రప్ప రెండో రకమే వేయించాడు. రాజుగారు మురిసిపోయారు.

ఆ ఏడు కరువొచ్చి రాజుగారు శిస్తు మాఫీ చేస్తే, అచ్చయిన ఫర్మానాలో ఆ వాక్యమే ఎగిరిపోయింది. భటులు శిస్తు కింద రైతుల ఎడ్లు తోలుకుపోయారు. వాక్యం మింగేసిందని, ప్రింటర్ చూసే సింగారమ్మకి మంత్రి కొరడా దెబ్బలు ఖాయం చేశాడు.

"ముందు మంత్రిగారికి నన్ను వడ్డించనివ్వండి ప్రభూ," అందామె. "ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టకూడదు, చాలనకూడదు."

రాజుగారు సరేనన్నారు. సింగారమ్మ చారు పోసింది, పోస్తూనే ఉంది. అన్నం కొట్టుకుపోయి, పట్టుపంచె తడిసి ముద్దయి, మంత్రి సభలో తలెత్తలేకపోయాడు.

"ప్రింటర్ గతీ ఇదే ప్రభూ. ఒక వాక్యం అచ్చేసేలోగా ఇంకోటి వచ్చి పడింది. ఆగమనే దారి లేక మాఫీ నేలపాలైంది."

కిరీటం సర్దుకోబోయిన రాజుగారు సిగ్గుతో చెయ్యి దించేసుకున్నారు.

"ఇంతమంది ఉన్నారే, ఒక్కరైనా నాకు చెప్పలేదేం?"



"ఆ తీగ మాకూ లేదు కదా ప్రభూ," అంది సింగారమ్మ.